దొంగ వాడైతే నోరు మూసుకునేది మనమా?

(రైతుసంఘం మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర మీద, కౌలు రైతుల గుర్తింపు మీద మాట్లాడమంటే మాకు అలవాటే. ఈసారి కమిటీ ఫోను మోసాల మీద మాట్లాడమంది. మమ్మల్నే ఎందుకు అడిగారంటే, మా కమిటీలో మోసపోయింది మేమే. ముప్పై ఏళ్లుగా సంఘంలో ఉన్నవాళ్లం, కలెక్టరాఫీసు ముందు మైకు పట్టుకున్నవాళ్లం, నకిలీ విత్తనాల కంపెనీలను నిలదీసినవాళ్లం. మమ్మల్ని ముంచడానికి వాడికి పది నిమిషాలు పట్టింది. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత మిగతాది చెబుతాం.

మొన్న జూన్. తొలకరి పడింది. విత్తనం తెచ్చాం, ఎరువు ఇంకా తేలేదు. శీతల గిడ్డంగిలో ఉన్న కాస్త మిర్చి అమ్మగా వచ్చిన డబ్బు ఖాతాలో ఉంది. అది కౌలు కట్టాల్సిన డబ్బు. పీఎం కిసాన్ విడత ఎప్పుడు పడుతుందా అని ఊరంతా చూస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫైలు వచ్చింది. పైన ప్రభుత్వ ముద్ర, కింద పీఎం కిసాన్ అని పేరు, చివర ఏపీకే అనే తోక. 'ఈ సాయంత్రంలోగా కేవైసీ చేయనివారి పేర్లు జాబితా నుంచి తీసేస్తారు' అని రాసుంది. పంపింది ఎవరో పరాయివాడు కాదు, మా పక్క పొలం ఆయన నంబరు. పోయిన ఏడాది మా ఊళ్లో పదకొండు మంది పేర్లు కేవైసీ లేదనే నిజంగా ఆగిపోయాయి. వాళ్లకోసం తిరిగింది మేమే. అందుకే నొక్కాం. ఆధార్ నంబరు అడిగింది, ఇచ్చాం. మెసేజీలు చూడటానికి అనుమతి అడిగింది, సరే అన్నాం. బ్యాంకు వివరాలు అడిగింది, అవీ ఇచ్చాం. 'మీ వివరాలు పరిశీలనలో ఉన్నాయి' అంది. హమ్మయ్య అనుకుని పొలం వెళ్లాం.

ఆ రాత్రి మూడు దఫాలుగా 61 వేలు పోయాయి. ఓటీపీ మేం ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పనే లేదు. మెసేజీలు చదివే అనుమతి ఇచ్చాక, వచ్చిన ఓటీపీ వచ్చినట్టే ఆ యాప్ వాడికి చేరవేస్తుంది. ఏపీకే అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్లో దిగే యాప్. తాళం చెవి మనమే ఇచ్చి, ఇల్లు చూసుకోమని దొంగకు చెప్పి పోయినట్టు.

తెల్లారి చూసుకున్నాం. చూసుకుని ఏం చేశాం? ఏమీ చేయలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. బ్యాంకుకు పోతే గుమస్తా నవ్వుతాడని, సంఘంలో తెలిస్తే ఇంకెవరికి బుద్ధి చెబుతారని అంటారని తొమ్మిది రోజులు కడుపులో పెట్టుకున్నాం. ఆ తొమ్మిది రోజుల్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. మా ఫోన్లో దిగిన ఆ యాప్ మా నంబరు మీద నుంచి మాకు తెలిసిన వాళ్లందరికీ అదే ఫైలు పంపింది. పక్క పొలం ఆయనా అంతే, ఆయన పంపలేదు, ఆయన ఫోను పంపింది. మా పేరు చూసి ఇద్దరు నొక్కారు. అందులో ఒకామె భర్త పోయాక రెండెకరాలు కౌలుకు చేసుకుంటున్న ఆడమనిషి. ఆమెకు 18 వేలు పోయాయి. 'సంఘం అన్న పంపాడు గదా అని నొక్కాను' అంది. మా 61 వేల సంగతి ఎప్పుడో మరిచిపోతాం, ఆ మాట మాత్రం మరిచిపోలేం.

ఇంత జరిగాక మేం అడుక్కున్న ప్రశ్న ఒకటే. మనకు బుర్ర లేదా?

ఊళ్లో మొదట వినపడే మాట అదే. చదువు లేదు, లేకపోతే ఆశ ఎక్కువ. ఈ రెండూ తప్పే అంటాం మేం. 2024లో దేశంలో సైబర్ మోసాల్లో పోయిన సొమ్ము 22,845 కోట్లని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. అంతకు ముందు ఏడాది 7,465 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలు. ఇదంతా చదువు రానివాళ్ల సొమ్మేనా? డాక్టర్లు, రిటైరైన పెద్ద ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా పోగొట్టుకున్నారు. ఇక ఆశ అంటారా, మేం నొక్కింది లాటరీ కోసం కాదు. మాకు రావాల్సిన 2 వేలు ఆగకూడదని నొక్కాం. అది ఆశ కాదు, భయం.

ఈ భయం మనిషి బుర్రను ఏం చేస్తుందో చెప్పే సంగతి ఒకటి మేం తర్వాత తెలుసుకున్నాం. అది రైతుల మీదే జరిగిన పరిశీలన కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. తమిళనాడులో విల్లుపురం, తిరువణ్ణామలై దగ్గర 54 గ్రామాల్లో 464 మంది చెరకు రైతులను తీసుకున్నారు. చెరకు రైతుకు ఏడాదికి ఒకసారే చేతికి డబ్బొస్తుంది గదా. కోతకు ముందు చేతిలో చిల్లిగవ్వ ఉండదు, ఇంట్లో బంగారం కుదువలో ఉంటుంది. కోత అయ్యాక కాస్త ఊపిరి ఆడుతుంది. అదే రైతుకు కోతకు ముందొకసారి, కోత తర్వాత ఒకసారి బొమ్మల పొడుపు లాంటి పరీక్షలు పెట్టారు. కోతకు ముందు చాలా వెనకబడ్డారు, కోత తర్వాత అదే మనుషులు మెరుగ్గా చేశారు. చదువు మారలేదు, తెలివి మారలేదు, తిండి కూడా పెద్దగా మారలేదు. అప్పుల లెక్క బుర్ర నిండా ఉన్నప్పుడు వేరే దానికి చోటు ఉండదు. ఒక రాత్రంతా నిద్ర లేకపోతే బుర్ర ఎంత మొద్దుబారుతుందో, ఇంచుమించు అంత తేడా ఉందట. 2013లో సైన్స్ అనే పత్రికలో ఇది అచ్చయింది.

మాకు మొన్న జూన్ గుర్తొచ్చింది. విత్తనం, ఎరువు, కౌలు, కూలీలు, వాన మళ్లీ పడుతుందో లేదో. ఆ లెక్కల మధ్య ఫోను మోగింది. సంక్రాంతి నాడు, పంట ఇంటికొచ్చాక అదే ఫైలు వచ్చి ఉంటే 'ఇదేంట్రా' అని ఇంట్లో పిల్లల్ని అడిగేవాళ్లమేమో. వాడు సీజన్ చూసి పంపుతాడు. పురుగు మందుల కంపెనీకి మన తెగులు ఎప్పుడొస్తుందో తెలిసినట్టే, వాడికి మన గుబులు ఎప్పుడో తెలుసు.

ఇంకో సంగతి ఉంది. మనం ఇలా మెసేజీ చూసి ఉలిక్కిపడటం ఎక్కడ నేర్చుకున్నాం? సర్కారే నేర్పింది. పీఎం కిసాన్ 2019లో వచ్చింది, ఏడాదికి 6 వేలు, మూడు విడతలు. దానికి ఈకేవైసీ అన్నారు. ఆధార్‌కు బ్యాంకు కలిపారా అన్నారు, భూమి రికార్డు సరిపోయిందా అన్నారు. రాష్ట్రంలో అన్నదాత సుఖీభవ పేరుతో ఇచ్చే 14 వేలకూ జాబితా ఉంది. పంట బీమాకు ఈక్రాప్ కావాలి. ప్రతిదానికీ ఒక చివరి తేదీ, ఆ తేదీ తప్పితే పేరు గల్లంతు. ఎందుకు తీశారో చెప్పే మనిషి ఉండడు. సచివాలయానికి పోతే పైనుంచి ఆగిందంటారు. పైన ఎవరున్నారో మనకు తెలియదు. ఏళ్ల తరబడి ఇలా ఉంటే రైతు ఏం నేర్చుకుంటాడు? మెసేజీ వస్తే వెంటనే పని చేయాలి, ప్రశ్న వేయకూడదు, వేస్తే మనకే నష్టం అని నేర్చుకుంటాడు. మోసగాడికి కావాల్సింది సరిగ్గా ఇలాంటి రైతే. 'ఈ సాయంత్రంలోగా' అనే మాట వాడి సొంతం కాదు, సర్కారు దగ్గర అరువు తెచ్చుకున్నాడు.

కౌలు రైతు సంగతి ఇంకా దారుణం. పీఎం కిసాన్ భూమి పేరున ఉన్నవాళ్లకే, కౌలుదారుకు లేదు. అందుకే 'కౌలు రైతులను కూడా చేరుస్తున్నాం, 500 కట్టి పేరు నమోదు చేసుకోండి' అని ఫోనొస్తే నమ్మబుద్ధవుతుంది. న్యాయంగా రావాల్సింది ఇన్నాళ్లకు వచ్చిందనుకుంటాడు. మనం ఊరేగింపుల్లో అడిగే డిమాండునే వాడు ఎరగా వాడుతున్నాడు.

ఇక అధికారి గొంతు. ఎవడో వీడియో కాల్లో ఖాకీ వేసుకుని కూర్చుని, మీ ఆధార్ మీద డ్రగ్స్ పార్సిల్ దొరికింది, కెమెరా ముందు నుంచి కదలొద్దు, ఇది డిజిటల్ అరెస్టు అంటాడు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేనే లేదు. ప్రధాని కూడా 2024 అక్టోబరులో రేడియోలో ఈ సంగతే చెప్పారు, ఆగండి, ఆలోచించండి, తర్వాత చర్య తీసుకోండి అని. ఆయన చెప్పేవాటిలో మేం ఒప్పుకునేవి తక్కువ, ఇది ఒప్పుకుంటాం. కానీ ఆగడం అంత తేలిక కాదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో 1961లో మిల్‌గ్రామ్ అనే ఆయన ఒక ప్రయోగం చేశాడు. పక్కగదిలో మనిషికి కరెంటు షాకు ఇమ్మని కోటు వేసుకున్న అధికారి చెబుతుంటాడు. నిజానికి షాకు లేదు, అరుపులు ఉత్తవే, కానీ మీట నొక్కేవాళ్లకు ఆ సంగతి తెలియదు. 40 మందిలో 26 మంది చిట్టచివరి మీట దాకా నొక్కారు. వాళ్లేం దుర్మార్గులు కాదు, మామూలు మనుషులు. గొంతులో అధికారం ఉంటే చెయ్యి దానంతటది కదులుతుంది. అక్కడివాళ్లే అలా ఉంటే, తహసీల్దారు ఆఫీసు గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడటం అలవాటైన మన సంగతి ఏమిటి? సంఘంలో ఉన్నవాళ్లకు ఇక్కడ కాస్త నయం. కేసులు మనకు కొత్త కాదు, పోలీసు ఫోన్లో కాదు, గుమ్మంలోకి వస్తాడని మనకు తెలుసు.

గేదె సంగతి చెప్పి ముందుకు పోతాం. ముర్రా గేదె, పూటకు పది లీటర్లు, బయట లక్ష పైన ఉండేది 45 వేలకే అని ఫేస్‌బుక్‌లో వీడియోలు చూసే ఉంటారు. మన దగ్గర ఒక కుర్రాడు 5 వేలు అడ్వాన్సు పంపాడు. తర్వాత బండి కిరాయి అన్నారు, పంపాడు. బండి చెక్‌పోస్టు దగ్గర ఆగింది, పన్ను అన్నారు, పంపాడు. గేదెకు బీమా అన్నారు, అదీ పంపాడు. ఎందుకు పంపావురా అంటే 'అప్పటికే 14 వేలు పెట్టాను గదా బాబాయ్, ఆపితే అదంతా పోతుంది గదా' అన్నాడు. ఆ మాటకు నవ్వినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చూడండి. ఇప్పుడు ఇంకో ప్రశ్న. మొదటి బోరులో నీళ్లు పడకపోతే రెండోది, రెండోది ఎండితే మూడోది, 'ఇన్ని అడుగులు దింపాం గదా, ఇంకో వంద అడుగులు' అని అప్పు తెచ్చి దింపినవాళ్లు ఎంతమంది? ఆ కుర్రాడిదీ మనదీ ఒకటే మనసు. పోయినదాన్ని పోయిందని ఒప్పుకోవడం కంటే దాని వెనక ఇంకొంచెం పంపడమే మనిషికి సులువు. బోరులో కనీసం నిజం భూమి ఉంది, ఇక్కడ అదీ లేదు.

ఈ ఫోన్ల అవతల ఎవరున్నారో కూడా చూడాలి. శుభ్రమైన తెలుగు మాట్లాడతారు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టింది గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు మన కుర్రాళ్లను కంబోడియా తీసుకుపోయి, పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి మోసం ఫోన్లు చేయించారు. చెయ్యనంటే తిండి పెట్టలేదు, కొట్టారు. వ్యవసాయం గిట్టక, ఉద్యోగం లేక ఏజెంటుకు లక్షలు కట్టి పోయిన పిల్లల చేత మన ఊళ్లకే ఫోన్లు చేయిస్తున్నారన్నమాట. ఇంకోటి మన ఊళ్లలోనే జరుగుతోంది. 'నీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు, నెలకు 5 వేలిస్తాం' అని కుర్రాళ్లను అడుగుతున్నారు. దోచిన సొమ్ము ఆ ఖాతాల్లోంచి పోతుంది. రేపు పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే. ఇంట్లో పిల్లలకు ఈ సంగతి కచ్చితంగా చెప్పండి.

ఇప్పుడు సిగ్గు దగ్గరకు వస్తాం, మా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే.

దొంగకు తేలు కుట్టినట్టు అంటాం. కుట్టినా అరవలేడు, అరిస్తే దొంగతనం బయటపడుతుంది. ఇక్కడ తిరగబడింది. దొంగ వాడు, తేలు కుట్టినట్టు నోరు మూసుకునేది మనం. గడ్డివాము తగలబడితే ఊరంతా పరిగెత్తుకొస్తుంది. మోటారు ఎత్తుకుపోతే పది మంది వెతుకుతారు. ఫోన్లో డబ్బు పోతే మాత్రం 'ఎలా నమ్మావయ్యా' అంటారు. ఆ ఒక్క మాటతో మనిషి నోరు పడిపోతుంది. మేం మాత్రం తక్కువ తిన్నామా? మాకంటే ముందు మోసపోయిన ఒకాయన్ని అదే మాట అన్నాం. అందుకే మా వంతు వచ్చినప్పుడు నోరు పెగల్లేదు.

నోరు మూసుకుంటే వాడికి ఏం లాభమో లెక్క చూడండి. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే, ఆ సమాచారం డబ్బు చేరిన బ్యాంకుకు పోతుంది. అక్కడ ఇంకా ఉంటే ఆపుతారు. వాళ్లు తీసేసి ఇంకో ఖాతాలో వేసి, అక్కడినుంచి ఇంకోదానికి తోసేలోపే మనం చెప్పాలి. అందుకే గంటల లెక్క. మేం తొమ్మిది రోజుల తర్వాత చెప్పాం. 61 వేలలో 4,200 ఒక ఖాతాలో మిగిలి ఉంటే ఆపగలిగారు. మిగతాది ఆ రాత్రే ఏటీఎంలో తీసేశారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టయింది మా ఫిర్యాదు.

బ్యాంకులో 'మీరే అనుమతి ఇచ్చారు, మేమేం చేస్తాం' అన్నారు. సగం నిజమే. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడోవాడు తీసిన సొమ్మయితే మూడు పని దినాల్లో చెబితే నష్టం మన మీద పడకూడదు. ఓటీపీ, పిన్ను మనమే ఇచ్చి ఉంటే, చెప్పేదాకా పోయింది మనదే. చెప్పాక పోయేది మాత్రం బ్యాంకుదే. ఎలా చూసినా ముందు చెప్పినవాడికే మేలు. మాకు ఈ సంగతి ఆ రోజు తెలియదు, చెప్పినవాళ్లూ లేరు. మరి రైతులకు రుణమాఫీ వచ్చినా రానట్టు చెప్పే నోటీసు బోర్డు మీద దీనికి చోటు లేదా?

వేలిముద్ర సంగతి వేరు. అక్కడ మనం ఏదీ నొక్కక్కర్లేదు, ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు. భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఉన్న వేలిముద్రలు తీసుకుని రబ్బరు ముద్రలు చేసి, ఆధార్ నంబరుతో ఖాతాలోంచి డబ్బు లాగిన కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ పట్టుబడ్డాయి. దీనికి మందు ఉంది. ఆధార్ యాప్‌లో వేలిముద్రలు లాక్ చేసుకోవచ్చు. రేషన్‌కో, కేవైసీకో వేలు పెట్టాల్సి వచ్చినప్పుడు కాసేపు తెరుచుకోవాలి. ముసలివాళ్లకు ఇది కష్టమని తెలుసు, అందుకే గ్రామ కమిటీ కుర్రాళ్లు దగ్గరుండి చేయాలి.

కమిటీ రెండు నిర్ణయాలు తీసుకుంది. ఒకటి, ప్రతి గ్రామ శాఖలో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి పేర్లు పెడతాం. డబ్బు పోయినవాళ్లు అర్ధరాత్రయినా వాళ్లింటి తలుపు కొట్టొచ్చు. వాళ్లు 'ఎలా నమ్మావు' అని అడగరు, ముందు 1930కి ఫోన్ కలుపుతారు, తెల్లారి బ్యాంకుకు, స్టేషన్‌కు తోడు పోతారు. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకుండా తిప్పితే సంఘం కూర్చుంటుంది. రెండు, ఈ నెల్లో వ్యవసాయాధికారికి, బ్యాంకు మేనేజర్లకు మహజరు ఇస్తున్నాం. కేవైసీ చివరి తేదీలు ఫోన్లో కాదు, కనీసం పదిహేను రోజుల ముందు పంచాయతీ బోర్డు మీద తెలుగులో పెట్టాలని, పేరు తీస్తే కారణం కాగితం మీద ఇవ్వాలని అడుగుతున్నాం. పేరు ఎందుకు పోయిందో తెలిసే దారి ఉంటే ఆ రోజు మేం ఆ ఫైలు నొక్కేవాళ్లం కాదు.

మేం మోసపోయిన సంగతి ఈ పత్రికలో వేయొద్దని కమిటీలో ఒకరిద్దరు అన్నారు, సంఘం పరువు పోతుందని. ఆ 18 వేలు పోగొట్టుకున్న ఆమె మీటింగుకు వచ్చి, వేయమంది. మా పక్కన ఈ మూడో కుర్చీలో కూర్చున్నది ఆమే. భోజనాల తర్వాత ఆమె మాట్లాడుతుంది. ఈలోగా మీ ఫోన్లు బయటికి తీయండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు ఏదైనా దించి ఉంటే సిగ్గుపడకుండా చెయ్యెత్తండి, మన కుర్రాళ్లు వరసల్లోకి వస్తున్నారు.